డ్రైవ్ బెల్ట్ కూసినప్పుడు ఎక్కడ వెతకాలి?

బానెట్ కింద నుంచి కీచుమని శబ్దం రాగానే చాలామంది చేసే మొదటి పని బెల్ట్ మార్పించడం. కొత్తది వేశాక కొన్ని వారాలు హాయిగా గడుస్తాయి. తర్వాత మళ్లీ అదే కూత. బెల్ట్ నాసిరకమని, ఈసారి వేరే కంపెనీది వేయాలని అనుకుంటారు. జరిగిందేమిటంటే, కొత్త రబ్బరు మెత్తగా, పట్టు బాగా ఉన్నన్నాళ్లూ లోపాన్ని కప్పిపెట్టింది. వంకరగా కూర్చున్న పుల్లీ (బెల్ట్ చుట్టుకుని తిరిగే చక్రం), బెల్ట్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌లో నీరసించిన స్ప్రింగ్, గ్రీజు ఎండిన బేరింగ్ ఎక్కడివక్కడే ఉన్నాయి. శబ్దం పుట్టేది బెల్ట్ దగ్గర కాబట్టి నింద దాని మీద పడుతుంది. బెల్ట్‌ను చూడాల్సిందే, కానీ అది ఏ పుల్లీ వైపు వేలు చూపిస్తోందో కనిపెట్టడానికి.

ఇక్కడ చెప్పుకుంటున్నది ఇంజన్ ముందువైపు బయటికే కనిపించే బెల్ట్ సంగతి. టైమింగ్ బెల్ట్ వేరు. దానికి పళ్లుంటాయి, కవర్ లోపల దాగి ఉంటుంది, క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) లయ తప్పకుండా క్యామ్ షాఫ్ట్‌ను (వాల్వులను తెరిచే ఇరుసును) తిప్పుతుంది. డ్రైవ్ బెల్ట్‌కు పళ్లుండవు, పొడవునా సన్నని రిబ్బులుంటాయి. క్రాంక్ షాఫ్ట్ కొనకున్న క్రాంక్ పుల్లీ నుంచి బయలుదేరి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, చాలా ఇంజన్లలో ఇంజన్‌ను చల్లబరిచే వాటర్ పంపు, హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న కార్లలో ఆ పంపు, ఇవన్నీ తిప్పుతూ వెనక్కి వస్తుంది. ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న కారులో స్టీరింగ్ పంపే ఉండదు. కొన్ని ఇంజన్లలో వాటర్ పంపును టైమింగ్ బెల్టే తిప్పుతుంది. మీ ఇంజన్‌లో ఏ బెల్ట్ ఏది తిప్పుతుందో ముందే తెలుసుకోండి. బెల్ట్ తెగిన రోజున ఎంత త్వరగా బండి ఆపాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

బెల్ట్ వీపు మీద 6పీకే1750 లాంటి అంకె ఉంటుంది. ఆరు రిబ్బులు, పీకే తరహా ఆకారం, 1750 మిల్లీమీటర్ల పొడవు అని దాని అర్థం. పీకే అంటే ఒక రిబ్బు నడిమి నుంచి పక్క రిబ్బు నడిమికి 3.56 మిల్లీమీటర్లు. ఆరు రిబ్బుల బెల్ట్ వెడల్పు సుమారు 21 మిల్లీమీటర్లు వస్తుంది. ప్రతి రిబ్బూ పుల్లీ గాడిలో చీలలా దిగి రెండు పక్కగోడలనూ అదుముతుంది, పట్టంతా ఆ అదుముడిలోనే ఉంది. రిబ్బు కొన గాడి అడుగును తాకకూడదు. పక్కలు అరిగేకొద్దీ రిబ్బు ఇంకా లోతుకు దిగుతుంది. అడుగును తాకిన రోజున చీల పట్టు పోతుంది, టెన్షనర్ ఎంత లాగినా బెల్ట్ జారుతుంది.

పగుళ్లు లేవు కదా అనే ధీమా

పాతకాలం బెల్టులు నియోప్రీన్ రబ్బరువి. వయసయ్యేసరికి రిబ్బులకు అడ్డంగా పగుళ్లిచ్చేవి, పగుళ్లు లెక్కపెట్టి మార్చేవారు. ఒకే రిబ్బు మీద మూడంగుళాల పొడవులో మూడు పగుళ్లుంటే దాని పని అయిపోయినట్టే అని లెక్క. ఇప్పటి బెల్టులు ఎక్కువగా ఈపీడీఎం రబ్బరువి. ఇవి పగలకుండానే అరుగుతాయి. దూరం నుంచి చూస్తే నిన్న కొన్నట్టే నల్లగా, నున్నగా ఉంటాయి. రిబ్బుల మధ్య సందు మాత్రం వెడల్పవుతూ పోతుంది. టైరు కొనేవాడు ట్రెడ్ లోతు చూసినట్టు ఇక్కడ సందు చూడాలి.

అందుకు చిన్న ప్లాస్టిక్ గేజ్ దొరుకుతుంది. దాని సన్నని పుల్లను రెండు రిబ్బుల మధ్య సందులో నొక్కితే, బాగున్న బెల్ట్‌లో పుల్ల రిబ్బుల పైకి ఉబ్బెత్తుగా నిలుస్తుంది. రిబ్బుల మట్టానికి దిగిపోయిందంటే మార్చాలి. గేజ్ లేకపోతే కొత్త బెల్ట్ ముక్కను పక్కన పెట్టి చూసినా తేడా తెలుస్తుంది. కొత్తదానిలో సందు పదునైన వీ ఆకారంలో ఉంటుంది, అరిగినదానిలో గుండ్రంగా యూలా మారి ఉంటుంది.

బెల్ట్‌ను తీసి వెనక్కి మడిచి వెలుతురులో చూస్తే ఇంకా చాలా బయటపడుతుంది. ఒక పక్క అంచు మాత్రమే పోగులు లేచి ఉంటే ఏదో పుల్లీ వరుస తప్పింది, లేదా బెల్ట్ ఏదో బోల్టు తలకో కవర్‌కో రాసుకుంటోంది. సందుల్లో చిన్న చిన్న రబ్బరు ఉండలు అతుక్కుని ఉంటే బెల్ట్ జారుతూ తననే తాను అరగదీసుకుంటోంది. ఒక్క రిబ్బే చిరిగి ఉంటే ఏదో పుల్లీ గాడిలో రాయి ఇరుక్కుందేమో, గాడి అంచు విరిగిందేమో చూడాలి. రిబ్బులు అద్దంలా మెరుస్తుంటే జారుడు వల్ల కాలి గట్టిపడ్డాయి. ఆ మెరుపును గరుకు కాగితంతో గీకి మళ్లీ వాడటం దండగ. రబ్బరు ఉబ్బి మెత్తగా, జిగురుగా తగిలితే నూనె పడింది. ఈపీడీఎం వేడికి బాగా నిలుస్తుంది కానీ ఇంజన్ ఆయిల్‌కు నిలవదు. లీకేజీ ఆపకుండా కొత్త బెల్ట్ వేస్తే అది కూడా అదే దారి పడుతుంది.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్నది కారు మాన్యువల్‌లో ఉంటుంది, అదే చివరి మాట. ఈపీడీఎం బెల్ట్‌కు సాధారణంగా 90 వేల నుంచి లక్షన్నర కిలోమీటర్ల మధ్యలో గడువు వస్తుంది. దుమ్ము రోడ్లు, గంటల తరబడి ఐడిలింగ్ (బండి నిలిపి ఇంజన్‌ను ఊరికే నడపడం), ఎప్పుడూ నడిచే ఏసీ, ఇవన్నీ ఆ గడువును తగ్గిస్తాయి.

కిచకిచ వేరు, కీచు వేరు

రెండింటినీ విడదీసి వినడం వస్తే సగం పని అయినట్టే. కిచకిచ పొట్టిపొట్టిగా, ఒక లయలో, పిట్ట కూతలా వస్తుంది. ఐడిలింగ్‌లో బాగా వినిపించి, వేగం పెంచితే ఇంజన్ రొదలో కలిసిపోతుంది. పుల్లీలు ఒకే వరుసలో లేవని దాని సూచన. కీచు అలా కాదు. సాగదీసినట్టు వస్తుంది, యాక్సిలరేటర్ తొక్కితే స్వరం పెరుగుతుంది. స్టార్ట్ చేసిన వెంటనే, ఏసీ వేసిన క్షణాన, హైడ్రాలిక్ స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పినప్పుడు వస్తుంది. బెల్ట్ జారుతోందని అర్థం. పొద్దున్నే ఎక్కువగా రావడానికి కారణముంది. స్టార్టర్ ఖర్చు చేసిన కరెంటును బ్యాటరీలో తిరిగి నింపడానికి ఆల్టర్నేటర్ ఆ కాసేపు గట్టిగా పని చేస్తుంది, పుల్లీ బరువుగా తిరుగుతుంది. పైగా రాత్రి చెమ్మ బెల్ట్ మీదే ఉంటుంది. ఇవి రెండూ కాని మూడో రకం గరగర, గుర్రుమనే రొద. ఏసీ, లైట్లు వేసినా తీసినా పెద్దగా మారకుండా, వేగంతో మాత్రమే మారితే బేరింగ్‌ను అనుమానించాలి.

కిచకిచకీ కీచుకీ మధ్య తేల్చుకోలేకపోతే మామూలు నీళ్ల పరీక్ష ఉంది. స్ప్రే బాటిల్‌లో నీళ్లు పోసి, ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా, చేతులు దూరంగా పెట్టి బెల్ట్ రిబ్బుల వైపు కొద్దిగా చల్లాలి. శబ్దం కొన్ని సెకన్లు ఆగి మళ్లీ మొదలైతే పుల్లీల వరుస తప్పింది. నీళ్లు పడగానే శబ్దం ఇంకా పెరిగితే బిగువు చాలక జారుతోంది. నీళ్లే వాడాలి. బెల్ట్ కూతకు మందని అమ్మే జిగురు స్ప్రేలు రిబ్బుల బెల్ట్‌కు పనికిరావు. నాలుగు రోజులు శబ్దాన్ని నొక్కిపెట్టి, దుమ్మును పట్టి, చూడాల్సిన గుర్తుల్ని చెరిపేస్తాయి.

శబ్దం లయ కూడా దోషి ఎవరో చెబుతుంది. ఉదాహరణకు క్రాంక్ పుల్లీ వ్యాసం 150 మిల్లీమీటర్లు, బెల్ట్ పొడవు 1750, ఐడిలింగ్ 800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అనుకుందాం. క్రాంక్ సెకనుకు 13 సార్లకు పైగా తిరుగుతుంది, బెల్ట్ సెకనుకు సుమారు 6.3 మీటర్లు పరుగెడుతుంది, అంటే ఒక చుట్టు పూర్తి చేయడానికి సెకనులో పావు భాగం కన్నా కాస్త ఎక్కువ పడుతుంది. కాబట్టి సెకనుకు మూడు నాలుగు సార్లు వచ్చే టక్కు బెల్ట్‌లోనే ఒకచోట లోపం ఉందనడానికి గుర్తు: ఊడిన రిబ్బు ముక్క, అతుక్కున్న రాయి. విడివిడిగా లెక్కపెట్టలేనంత వేగంగా గిర్రుమంటే అది ఏదో పుల్లీ లయ. 70 మిల్లీమీటర్ల ఐడ్లర్ (దేన్నీ తిప్పకుండా బెల్ట్‌కు దారి చూపే పుల్లీ) అదే సమయంలో సెకనుకు 28 సార్లు తిరుగుతుంది. హైవే మీద 3000 ఆర్‌పీఎంలో ఇదే ఐడ్లర్ నిమిషానికి 6400 చుట్లు తిరుగుతుంది. చిన్న బేరింగ్‌లో గ్రీజు ఎందుకు ఎండిపోతుందో ఈ అంకె చూస్తే తెలుస్తుంది.

శబ్దం అసలు బెల్ట్ వరుసలోంచే వస్తోందా అన్న సందేహం మిగిలితే బెల్ట్ పూర్తిగా తీసి, చల్లని ఇంజన్‌ను అర నిమిషం లోపు నడిపి చూడవచ్చు. శబ్దం పోతే బెల్ట్ తిప్పేవాటిలో ఏదో ఒకటి, పోకపోతే ఇంజన్ లోపల వెతకాలి. అంతకుమించి నడపకూడదు, చాలా ఇంజన్లలో వాటర్ పంపు ఆగి ఉంటుంది.

టెన్షనర్: ఎక్కువగా మరిచిపోయే భాగం

ఆటోమేటిక్ టెన్షనర్ అంటే స్ప్రింగ్ మీద నిలబడ్డ ఒక చేయి, దాని చివర ఒక పుల్లీ. బెల్ట్ అరిగినా, వేడికి ఇంజన్ కాస్త వ్యాకోచించినా బిగువు మారకుండా చూడటం ఒక పని. ఊగిసలాటను మింగడం ఇంకొకటి, దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. క్రాంక్ సాఫీగా తిరుగుతున్నట్టే కనిపిస్తుంది కానీ ప్రతి పవర్ స్ట్రోక్‌కూ, అంటే ఏదో సిలిండర్‌లో ఇంధనం మండి పిస్టన్‌ను తోసినప్పుడల్లా, అది ముందుకు ఉరుకుతుంది, మధ్యలో మందగిస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఐడిలింగ్‌లోనే ఇది సెకనుకు 26 సార్లకు పైగా జరుగుతుంది. ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటర్ బరువైనది, క్రాంక్ కన్నా రెండు మూడు రెట్లు వేగంగా తిరుగుతుంది. క్రాంక్ మందగించినా అది మందగించదు. ఈ గుంజులాట బెల్ట్ మీద పడుతుంది, అక్కడి నుంచి టెన్షనర్ చేతికి వస్తుంది. చేతి మొదట్లో ఉండే రాపిడి లైనర్ ఆ ఊపును అణచాలి.

లైనర్ అరిగితే చేయి టపటపా కొట్టుకుంటుంది. ఐడిలింగ్‌లో పక్క నుంచి చూడండి. రెండు మూడు మిల్లీమీటర్ల వణుకు మామూలే. ఆరు మిల్లీమీటర్లు దాటి ఊగుతుంటే ఊపును అణచే గుణం పోయింది, లేదా ఆల్టర్నేటర్ పుల్లీ పాడైంది. ఏది అన్నది తేల్చకుండా టెన్షనర్ మార్చేస్తే కొత్తది కూడా కొన్నాళ్లకే పోతుంది. ఈ రెంటినీ కలిపి చూడటం తప్పనిసరి.

ఇంజన్ ఆపి, బెల్ట్ ఉండగానే, టెన్షనర్ మీద ఉన్న షట్కోణపు తలకు పానా వేసి లేదా చదరపు రంధ్రంలో రాచెట్ పెట్టి చేతిని దాని పూర్తి పరిధిలో తిప్పండి. బరువుగా, కానీ ఒకే తీరుగా కదలాలి, వదులుతున్నకొద్దీ వెంటనే వెనక్కి రావాలి. మధ్యలో పట్టేసినట్టు ఆగి ఆగి కదిలితే ఇరుసు తుప్పు పట్టింది. ఇది దొంగ లోపం. చేయి ఒకచోట ఇరుక్కుని ఉంటే ఆరోజుకు బిగువు సరిగ్గానే ఉండవచ్చు, ఏసీ పడగానో బెల్ట్ వేడెక్కగానో తేలిపోతుంది. వేలితో తోసినంత తేలిగ్గా కదిలితే స్ప్రింగ్ చచ్చింది. టెన్షనర్ ఒంటి చుట్టూ ఇటుక పొడి రంగులో సన్నని ధూళి కనిపిస్తే లోపల లోహం లోహాన్ని తింటోంది.

చేతిని పుల్లీ దగ్గర పట్టుకుని ముందుకూ వెనక్కీ, అంటే ఇంజన్ వైపూ మీ వైపూ, ఊపి చూడండి. ఆట ఉండకూడదు. ఇరుసు బుష్ అరిగితే చేయి ఒరుగుతుంది, దానితో పుల్లీ ఒరుగుతుంది, బెల్ట్ పుల్లీ నడిమి వదిలి అంచుకు చేరుతుంది. పుల్లీ మీద బెల్ట్ నడిచిన మెరుపు చార పక్కకు జరిగి ఉండటం దీనికి సాక్ష్యం. చాలా టెన్షనర్ల మీద ఒక ముల్లు, ఎదురుగా రెండు గీతలు ఉంటాయి. ముల్లు ఆ రెండింటి మధ్య ఉండాలి. కొత్త బెల్ట్ వేసిన వెంటనే ముల్లు గీత బయట ఉంటే బెల్ట్ పొడవు తప్పు, లేదా దారి తప్పు. పాత బెల్ట్‌తో ముల్లు చివరి గీత దాటితే బెల్ట్ అరిగి టెన్షనర్ సాగే హద్దు దాటింది.

స్ప్రింగ్‌కు బదులు హైడ్రాలిక్ స్ట్రట్ ఉండే రకంలో ముందు చూడాల్సింది నూనె కారుతోందా అన్నదే. తడి ఉంటే ఇంకే పరీక్షా అక్కర్లేదు.

టెన్షనర్ పుల్లీ ఒక్కటే మారిస్తే చాలదా అని అడుగుతారు. చేయి, స్ప్రింగ్ కొత్తగానే ఉండి బేరింగ్ ఒక్కటే పోతే సరే. లక్ష కిలోమీటర్లు తిరిగిన టెన్షనర్‌కు కొత్త పుల్లీ ఒక్కటి తొడగడం లెక్క తప్పిన పొదుపు. బెల్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో టెన్షనర్ అంతకాలమూ కొట్టుకుంది. అరిగిన బెల్ట్‌తో పాటే దాన్నీ, ఐడ్లర్లనూ మార్చడం సరైన పద్ధతి.

పుల్లీలు ఒక్కొక్కటిగా

బెల్ట్ తీశాక ప్రతి పుల్లీని చేత్తో తిప్పి, ఊపి చూడాలి. ఐడ్లర్‌ను గిర్రున తిప్పి వదిలితే సద్దు లేకుండా కొద్దిగా తిరిగి ఆగిపోవాలి. లోపల గ్రీజు ఉన్నందుకే ఆ చిన్న నిరోధం. బొంగరంలా చాలాసేపు సరసరమంటూ తిరిగితే, బాగుందని సంబరపడకండి, గ్రీజు ఎండింది. ఇసుక నలిగినట్టు వేళ్లకు తగిలినా, పక్కలకు ఊగినా మార్చేయాలి. ప్లాస్టిక్ పుల్లీ ముఖాన్ని వేలితో తడిమితే మధ్యలో పల్లం తెలుస్తుంది, అదీ అరుగుదలే. బిగించే బోల్టు కొన్ని టెన్షనర్లలో ఎడమ మర, అంటే మామూలుకు ఎదురువైపు తిప్పి విప్పాలి. విప్పేటప్పుడు కదలకపోతే బలం పెంచే ముందు మర ఎటువైపో చూసుకోండి.

వాటర్ పంపు పుల్లీలో ఏమాత్రం ఆట ఉన్నా, పంపు కింద రంధ్రం దగ్గర ఎండిన కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) చారలు కనిపించినా పంపు మార్చే సమయం వచ్చింది. ఏసీ కంప్రెసర్ పుల్లీని తిప్పేటప్పుడు గుర్తుంచుకోండి, ఏసీ ఆపి ఉంటే పుల్లీ ఒక్కటే తిరిగి ముందున్న క్లచ్ పళ్లెం కదలదు, అది లోపం కాదు. అయితే క్లచ్ లేని కంప్రెసర్లూ ఉన్నాయి, వాటిలో పుల్లీతో పాటు లోపలి షాఫ్ట్ ఎప్పుడూ తిరుగుతుంది.

ఆల్టర్నేటర్ పుల్లీ దగ్గర కాస్త ఆగాలి. డీజిల్ కార్లలో ఎక్కువగా, పెట్రోల్ వాటిలోనూ, ఒకవైపు మాత్రమే పట్టే పుల్లీ ఉంటుంది. క్రాంక్ మందగించినప్పుడు బరువైన రోటర్‌ను స్వేచ్ఛగా తిరగనిచ్చి బెల్ట్‌ను గుంజులాట నుంచి కాపాడుతుంది. పుల్లీని ఇంజన్ తిప్పే వైపు తిప్పితే రోటర్ దానితో కదలాలి, ఎదురువైపు తిప్పితే పుల్లీ ఒక్కటే జారుతూ తిరగాలి. ఇందులోనే స్ప్రింగు కూడా ఉండే డీకప్లర్ రకంలో పట్టే వైపు కొద్దిగా స్ప్రింగులా లొంగి తర్వాత పట్టుకుంటుంది. రెండు వైపులా రోటర్ బిగుసుకుని కదిలితే లోపల జామ్ అయింది. టెన్షనర్ టపటపా, బెల్ట్ అలలు అలలుగా ఊగడం మొదలయ్యేది అప్పుడే. రెండు వైపులా ఊరికే తిరిగితే ఆల్టర్నేటర్ తిరగదు, బ్యాటరీ లైటు వెలుగుతుంది, ఆల్టర్నేటరే పోయిందని అనవసరంగా మారుస్తారు. ఇది ఖరీదైన పుల్లీ అని దీని చోట మామూలు గట్టి పుల్లీ బిగించడం కనిపిస్తూ ఉంటుంది. కారు నడుస్తుంది, కానీ మిగిలిన ఖర్చును టెన్షనర్, బెల్ట్ మళ్లీ మళ్లీ వసూలు చేస్తాయి.

క్రాంక్ పుల్లీ కూడా చాలా కార్లలో ఒకే ముద్ద కాదు. లోపలి హబ్, బయటి చక్రం, మధ్యలో రబ్బరు వలయం ఉంటాయి. క్రాంక్ మెలితిప్పుడు కంపనాలను ఆ వలయమే అణచాలి. రబ్బరు పగిలి బయటికి ఉబికినా, ఇంజన్ నడుస్తుండగా చక్రం వెలుపలి అంచు అటూ ఇటూ తూలినా దాని కథ ముగింపుకొచ్చింది. అనుమానంగా ఉంటే హబ్ నుంచి బయటి చక్రం దాకా పెయింట్‌తో ఒకే అడ్డ గీత గీసి, కొన్నాళ్లు తిరిగాక చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే రబ్బరు పట్టు వదిలింది. ఈ పుల్లీని విప్పడం మాత్రం తెలిసినవారికే వదలాలి. దాని బోల్టు చాలా గట్టిగా బిగించి ఉంటుంది, కొన్నింటిలో ఒక్కసారికే పనికొస్తుంది. కొన్ని ఇంజన్లలో టైమింగ్ చక్రాన్ని పట్టి ఉంచేది కూడా ఆ బోల్టు బిగుతే, తగిన లాక్ పనిముట్లు లేకుండా వదులు చేస్తే టైమింగ్ తప్పుతుంది.

వరుస చూడటానికి పుల్లీల ముఖాలకు నిటారైన స్కేలు ఆనించడం పాత పద్ధతి, లేజర్ పనిముట్లు ఉంటే ఇంకా మంచిది. ఎంత తేడా ఎక్కువ అన్నది రెండు పుల్లీల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల తేడా 300 మిల్లీమీటర్ల దూరం మీద డిగ్రీలో సగం కూడా రాదు, అదే 100 మిల్లీమీటర్ల దూరంలో డిగ్రీ దాటుతుంది, కిచకిచ అక్కడే మొదలవుతుంది. అందుకే దగ్గర దగ్గరగా ఉన్న జతలను ముందు చూడాలి. ఈమధ్య ఆల్టర్నేటరో కంప్రెసరో మార్చి ఉంటే అనుమానం నేరుగా దాని మీదకే: బ్రాకెట్ వాషర్ మరిచిపోవడం, పుల్లీని షాఫ్ట్ మీదకు పూర్తిగా ఎక్కించకపోవడం మామూలుగా జరిగే తప్పులు.

చేత్తో బిగువు పెట్టే బెల్టులు, సాగే బెల్టులు

టెన్షనర్ లేకుండా సర్దుబాటు బోల్టు ఉండే కార్లలో పొడవైన భాగం మధ్యలో నొక్కి ఎంత దిగుతుందో కొలుస్తారు. మాన్యువళ్లు సాధారణంగా 10 కిలోల బలం పెట్టి ఇన్ని మిల్లీమీటర్లు దిగాలని చెబుతాయి. ఆ అంకె దొరకకపోతే రెండు పుల్లీల మధ్య ప్రతి 100 మిల్లీమీటర్లకు 1.6 మిల్లీమీటర్ల చొప్పున దిగడం ఒక మోటు లెక్క. కొత్త బెల్ట్‌కు, వాడిన బెల్ట్‌కు అంకెలు వేరుగా ఉంటాయి. కొన్ని మాన్యువళ్ల ప్రకారం 5 నిమిషాలు నడిచిన బెల్ట్ కూడా వాడినదే. అందుకే కొత్తది వేసి, కాసేపు నడిపి, చల్లారాక మళ్లీ కొలవాలి. కూత పోవాలని అతిగా బిగిస్తే వాటర్ పంపు, ఆల్టర్నేటర్ బేరింగులు ముందే పోతాయి. కూత ఆగిందని సంతోషిస్తూ కొన్ని నెలల్లో పంపు కొనాల్సి వస్తుంది.

టెన్షనర్‌గానీ సర్దుబాటు బోల్టుగానీ ఏదీ కనిపించకపోతే అది తనంతట తానే సాగి బిగువు పట్టే బెల్ట్ కావచ్చు. పాతదాన్ని కోసి తీస్తారు, తీసినదాన్ని మళ్లీ వేయరు. కొత్తదాన్ని దానికోసం చేసిన పనిముట్టుతో, క్రాంక్‌ను చేత్తో తిప్పుతూ ఎక్కించాలి. స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తే లోపలి తీగ పోగులు తెగుతాయి. బయటికి ఏమీ కనిపించదు, కొద్ది కాలానికే తెగుతుంది.

ఇంజన్‌కూ బ్యాటరీకీ మధ్య రెండు వైపులా పని చేసే స్టార్టర్ జనరేటర్ ఉన్న మైల్డ్ హైబ్రిడ్లలో బెల్ట్ ఒకసారి లాగుతుంది, ఒకసారి లాగబడుతుంది. చాలావాటిలో టెన్షనర్‌కు రెండు చేతులుంటాయి, బెల్ట్ కూడా అందుకు తగ్గట్టు చేసినదే. కొలత సరిపోయిందని మామూలు బెల్ట్ వేయకూడదు.

మార్చే పని

చల్లని ఇంజన్, తాళం తీసేసి దూరంగా పెట్టి, ఆల్టర్నేటర్ దగ్గర పనిముట్టు తగిలే చోటైతే బ్యాటరీ నెగటివ్ తీసి మొదలుపెట్టండి. రేడియేటర్ ఫ్యాన్ తాళం తీసినా దానంతట అదే తిరిగే కార్లున్నాయి. ఏదీ విప్పకముందే బెల్ట్ దారి ఫోటో తీసుకోండి. బానెట్ కింద బొమ్మ అతికించి ఉన్నా ఫోటో తీయడం మానవద్దు, ఏసీ ఉన్న కారుకూ లేని కారుకూ దారి వేరు.

టెన్షనర్‌ను బెల్ట్ వదులయ్యే వైపు తిప్పి, రంధ్రం ఉంటే పిన్ గుచ్చి నిలపండి. బెల్ట్‌ను పైన సులభంగా అందే నున్నని పుల్లీ మీద నుంచి జార్చితే మిగతాది తానే వస్తుంది. టెన్షనర్‌ను ఒక్కసారిగా వదిలేయకూడదు, ఆ దెబ్బకు లోపలి ఆపు విరగవచ్చు, వేళ్లూ నలుగుతాయి. బయటికి తీసిన బెల్ట్‌ను కొత్తదాని పక్కన పెట్టి రిబ్బులు, పొడవు సరిచూడండి. పాతది సాగి కొంచెం పొడవుగా కనిపించవచ్చు, అంకె మాత్రం ఒకటే ఉండాలి. పుల్లీ గాడుల్లోని రబ్బరు పొడిని పొడి బ్రష్‌తో, అవసరమైతే బ్రేక్ క్లీనర్ తడిపిన గుడ్డతో తుడవండి. నూనెలేవీ దరి చేరనివ్వవద్దు. కొత్త టెన్షనర్ బిగించేటప్పుడు దాని వెనకున్న బుడిపె ఇంజన్ మీది గుంటలో సరిగ్గా కూర్చోవాలి. అది పక్కకుండగా బోల్టు బిగిస్తే చేయి వంకరగా నిలుస్తుంది, కొత్త సామానుతో పాత కిచకిచ వస్తుంది.

కొత్త బెల్ట్‌ను క్రాంక్ నుంచి మొదలుపెట్టి, నున్నని పుల్లీని చివరికి ఉంచి ఎక్కించండి. రిబ్బులున్న వైపు గాడుల పుల్లీకి, నున్నని వీపు నున్నని పుల్లీకి. వాటర్ పంపును చాలా ఇంజన్లలో బెల్ట్ వీపే తిప్పుతుంది. దారి తప్పి బెల్ట్ దాన్ని ఎదురువైపు తిప్పితే శబ్దం రాదు, లైటు వెలగదు, ఇంజన్ వేడెక్కడం మాత్రం మొదలవుతుంది. టెన్షనర్‌ను నెమ్మదిగా వదిలాక ప్రతి పుల్లీ దగ్గరా వేలు పెట్టి చూడండి: ఒక్క రిబ్బు గాడి బయట వేలాడుతున్నా వందల కిలోమీటర్లు గడవకముందే బెల్ట్ నిలువునా చీలుతుంది. కింద కనిపించని క్రాంక్ పుల్లీ దగ్గరే ఈ తప్పు ఎక్కువ, చిన్న అద్దం, టార్చి అక్కరకొస్తాయి. తర్వాత క్రాంక్ బోల్టుకు పానా వేసి ఇంజన్ తిరిగే దిశలోనే రెండు చుట్లు తిప్పి మళ్లీ చూసి, ఆపైన స్టార్ట్ చేయండి. ఏసీ, లైట్లు వేసి, స్టీరింగ్ తిప్పి, ముల్లు గీతల మధ్య ఉందో లేదో, చేయి ఎంత ఊగుతుందో గమనించండి.

దారిలో తెగితే

ముందు బ్యాటరీ లైటు వెలుగుతుంది, హైడ్రాలిక్ అయితే స్టీరింగ్ బరువెక్కుతుంది. వాటర్ పంపు కూడా ఆ బెల్ట్ మీదే ఉంటే వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపాలి. ఇంకో రెండు కిలోమీటర్లు నెట్టుకొద్దామనుకుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ తలకూ దిమ్మకూ మధ్య ఉండే సీలు) మీదకు వస్తుంది. పంపు టైమింగ్ బెల్ట్ మీద ఉండి ఉష్ణోగ్రత ముల్లు కదలకపోతే, లైట్లు ఏసీ ఆపి బ్యాటరీ ఉన్నంతవరకు దగ్గరలోని సురక్షితమైన చోటికి చేరుకోవచ్చు. అయితే ముందు బానెట్ ఎత్తి తెగిన బెల్ట్ ఎక్కడుందో చూడాలి. చీలిన పోగులు క్రాంక్ పుల్లీ వెనక్కి చుట్టుకుని సీలును చీల్చడం, కవర్ సందులోంచి లోపలికి దూరి టైమింగ్ బెల్ట్‌ను గాడి తప్పించడం జరుగుతుంటాయి. దొరికిన ముక్కల్ని కలిపి పేర్చి పూర్తి బెల్ట్ అవుతుందో లేదో చూడండి. ఒక పోగు తగ్గినా, అది దొరికేదాకా స్టార్టర్ ముట్టుకోవద్దు.